గడపకు వచ్చిన తాళంచెవి

పాల సైకిళ్ళు లాల్ కమాన్ కింది నుంచి గంటలు కొట్టుకుంటూ పోయే వేళకు హుస్నాబీ ఇంటి ముందర ఊడవడం మొదలుపెట్టేది. చీపురు పట్టేముందు గడప దగ్గర వంగి, తెల్లారేసరికి వచ్చి చేరిన తాళంచెవులు ఏరి సత్తు పళ్ళెంలో వేసేది. ఒకరోజు రెండు ఉండేవి, ఒకరోజు ఏడెనిమిది. పెళ్ళిళ్ళ కాలంలో ఇంకా ఎక్కువ. వానకు తడిసి వచ్చినవాటిని కొంగుతో తుడిచేది. ఒకసారి గజ్వేల్ నుంచి ఓ ట్రాక్టరు తాళంచెవి మూడు రోజులు నడిచి వచ్చింది. దాని పళ్ళు సగం అరిగిపోయాయి. ఆమె మొగుడు ఫక్రుద్దీన్ దాన్ని చేతిలో తిప్పి చూసి, "పాపం, బాట పొంటి వచ్చినట్టుంది," అన్నాడు.

సిద్దిపేటలో తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు ఒక పూట ఇల్లంతా వెతుక్కుని, మర్నాడు ఫక్రుద్దీన్ గడపకు వచ్చేవాళ్ళు. అతని తండ్రి బాబా మియా కాలం నుంచీ అంతే. వచ్చినవాళ్ళను ఫక్రుద్దీన్ ఒకటే అడిగేవాడు. "ఎవలిది పోయింది?" నాది అన్నవాళ్ళ ముందుకు పళ్ళెం జరిపేవాడు. దానికి ఏమీ తీసుకునేవాడు కాదు. పాత బస్టాండు దగ్గర అతనికి చిన్న డబ్బా దుకాణం ఉంది. అక్కడ కూర్చుని ఆకురాయితో కొత్త తాళంచెవులు అరగదీసి ఇవ్వడం, మొరాయించిన తాళాలు విప్పడం అతని బతుకు.

తొంభై అయిదులో, రంజాన్ అయిపోయిన వారానికి, ప్రభాకర్ తన ఫ్యాన్సీ దుకాణంలోకి కొత్త సరుకు తెచ్చాడు. అగ్గిపెట్టెలో సగముండే నల్లటి డబ్బీ, దానికో రింగు, మూలకు ఎర్రటి బుడ్డి బల్బు. ఈల వేస్తే కుయ్ కుయ్‌మని నాలుగుసార్లు పలుకుతుంది, బల్బు వెలిగి ఆరుతుంది. తాళంచెవి ఎక్కడ పెట్టి మరిచిపోయినా ఇంట్లో నిలబడి ఒక ఈల వేస్తే చాలు. ప్రభాకర్ దాన్ని తువాల కింద దాచి, గల్లాపెట్టె వెనక దాచి, వచ్చినవాళ్ళందరికీ ఈల వేసి చూపించాడు.

మొదట కొన్నది దత్తాత్రి. సర్కారు కచేరీలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇంటికి తాళం వేసి మూడుసార్లు గుంజి చూసేవాడు. గల్లీ చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి నాలుగోసారి గుంజేవాడు. పాలవాడి నీళ్ళ మీద, కూరగాయలామె తక్కెడ మీద, పక్కింటివాళ్ళ మౌనం మీద కూడా అతనికి అనుమానమే. పోస్టుమ్యాన్ వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడి, ఉత్తరాలు తన చేతికే ఇప్పించుకునేవాడు.

"గా ఫక్రుద్దీన్ పళ్ళెంల ఊరందరి తాళంచెవులు పూటకు పూట పడి ఉంటయి," అన్నాడు దత్తాత్రి డబ్బీని చెవి దగ్గర ఊపుతూ. "ఆయన చేతిల ఆకురాయి ఉంటది. గీ రెండు ముచ్చట్లు కలిపి ఆలోచించినోడు ఒక్కడన్న ఉన్నడా ఈ ఊర్లె?"

"ఆయన మంచోడే సారూ," అన్నాడు ప్రభాకర్. "కని, మన జాగ్రత్త మనకుండాలె గద."

దత్తాత్రి అక్కడే ఈల వేయబోయాడు. కట్టుడు పళ్ళ సందులోంచి గాలి మాత్రం వచ్చింది.

అందుకని ఈల వేసే పని అతని చెల్లెలు స్వరాజ్యలక్ష్మి మీద పడింది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ఎనిమిదేళ్ళ కింద ధూళిమిట్టలో ఆమె మొగుడు ఉప్పలయ్య పొలం దగ్గర పాము కరిచి చనిపోయాడు. పదిహేనో రోజున దత్తాత్రి లారీ మాట్లాడుకుని వెళ్ళి, చెల్లెలినీ పెళ్ళికి తల్లి పెట్టిన బీరువానూ ఎక్కించుకుని వచ్చాడు. 'కొడుకును మింగిన దాని మొఖం మళ్ళ చూడనన్నది మీ అత్త' అని దారిలో చెప్పాడు. ఆ తర్వాత అటు నుంచి మంచీ లేదు, చెడూ లేదు. బీరువా తాళంచెవి జాగ్రత్త కోసమని అన్న దగ్గరే ఉండిపోయింది. అందులో ఉన్నవి పెళ్ళి చీరలు. ఇక కట్టేది లేదు కదా అని ఆమె అడగలేదు.

"జెర ఈల ఎయ్యి స్వరాజ్యం."

"ఆడిదాన్ని, ఈలేందే అన్నా?"

"ఇంట్లనే గద. ఎవలు చూడొస్తున్నరు?"

నేర్చుకోవడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు బియ్యం ఏరుతుండగా సన్నటి ఈల ఒకటి తనంతట తనే పెదాల మధ్య నుంచి జారింది. అవతలి గదిలో కుయ్ కుయ్‌మంది. దత్తాత్రి ఆ డబ్బీని బీరువా తాళంచెవికి తగిలించి, పొద్దుటిపూట ఒక చోట, సాయంత్రం ఒక చోట దాచి, ఆమెతో ఈల వేయించి పరీక్ష చేసేవాడు. ఆమె ఈల వేస్తూ బియ్యం డబ్బా వెనక, పరుపుల మడతల్లో, తులసికోట పక్కన వెతికేది. దొరకగానే అతను తీసుకుని మొలతాడుకు కట్టుకునేవాడు. పక్కింట్లో కుక్కరు కూత పెట్టినప్పుడల్లా అతని నడుము దగ్గర కుయ్ కుయ్‌మనేది. అప్పుడు మాత్రం ఆమెకు నవ్వు వచ్చేది.

ఇట్లా ఇరవై రోజులు గడిచాక, ఒక పొద్దున దత్తాత్రి మొలతాడు బోసిగా ఉంది.

స్వరాజ్యం ఇల్లంతా ఈల వేసింది. ఏ మూలా పలకలేదు. గేటు దాటింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గల్లీలో ఈల వేసుకుంటూ నడిచింది. వెనక గల్లీలో, ఫక్రుద్దీన్ ఇంటి అరుగు మీది పళ్ళెంలో, అయిదారు మామూలు తాళంచెవుల మధ్య ఎర్రటి బల్బు వెలిగి ఆరింది. ఆమె వెనకే దత్తాత్రి వచ్చాడు.

"నాది పోలేదు ఫక్రుద్దీన్. నా మొలతాడుకుండె."

"పోకుంటె రాదు సారూ."

"మరెట్లొచ్చింది?"

"నడిచొచ్చింది."

"నడిచొస్తదని నాకెరుకనే. పోకుండ ఎందుకు నడిచిందని అడుగుతున్న."

ఫక్రుద్దీన్ దాన్ని పళ్ళెంలోంచి తీశాడు. అతనికి తెలిసి అట్లాంటిది ఎన్నడూ రాలేదు. డబ్బీకి అంటిన మట్టిని వేలితో తుడిచి ఇచ్చేశాడు.

నాలుగు రోజులకు అది మళ్ళీ వచ్చింది. దత్తాత్రి ఈసారి నైలాన్ తాడుతో రెండు ముళ్ళు వేసి కట్టుకున్నాడు. ముళ్ళు ముళ్ళుగానే ఉన్నాయి, తాళంచెవి లేదు. మూడోసారి పోయినప్పుడు అతను ఒక్కడే రాలేదు. బజారులో కనపడ్డ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మీ మీ తాళంచెవులు గీ పళ్ళెంల ఎంతసేపున్నయో మీకెరుకనా?" అని వాళ్ళను అడిగాడు. "నేనేమనలేను. మీరే ఆలోచించుకోన్రి."

వాళ్ళు ఆలోచించుకున్నారు. మర్నాటి నుంచి పళ్ళెం దగ్గరకు వచ్చేవాళ్ళు తమ తాళంచెవిని వెలుతురుకు పట్టి చూసుకోసాగారు. అచ్చు తీసిన జాడ ఉందేమోనని ఒకాయన ముక్కు దగ్గర పెట్టుకుని సబ్బు వాసన చూశాడు. కొందరు తాళాలే మార్చేశారు, కొత్తవి ఫక్రుద్దీన్ దగ్గర కొనలేదు. డబ్బా దుకాణం ముందు జనం పలచబడ్డారు. ప్రభాకర్ దగ్గర ఈల డబ్బీల పెట్టెలు రెండు ఖాళీ అయ్యాయి.

ఆ గల్లీ పెద్ద లక్ష్మీరాజం నెమ్మదస్తుడు. సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, చాయ్ వద్దన్నాడు. అతను ఆ ఇంట్లో చాయ్ వద్దనడం అదే మొదలు.

"నువ్వు చేసినవని నేనంటలేను ఫక్రుద్దీన్. చెయ్యలేదని గూడ అనలేను. శుక్రవారం దాక చూద్దాం. నలుగురు గిట్లనే అనుకుంటె, దుకాణం ఇంకో ఊర్లె పెట్టుకునుడు మంచిది."

అతను పోయాక హుస్నాబీ లోపలికి వెళ్ళింది. పొయ్యి మీది గిన్నె దించి, వచ్చి భర్తకు ఎదురుగా కూర్చుంది.

"అజీ, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకు. దాని కొలత ఏమన్న తీసినవా?"

ముప్పై ఏళ్ళ కాపురంలో అతన్ని ఆమె అట్లాంటి మాట అడగలేదు.

"నువ్వు గూడనా?"

"బయటోళ్ళు అడిగితె నేనేం చెప్పాలె? ముందు నాకు తెల్వాలె గద."

"తియ్యలె."

"సరే," అంది హుస్నాబీ. కాని ఆ పూట పళ్ళెం తనే లోపలికి తీసుకుపోయి, తలుపు మూసింది.

ఫక్రుద్దీన్ అరుగు మీదే ఉండిపోయాడు. బాబా మియా చెప్పిన మాట ఒకటి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. ఊళ్ళో ఎన్నో తాళంచెవులు బురదలో పడి ఏళ్ళకేళ్ళు అక్కడే ఉంటాయి. అవి రావు. ఎందుకు రావని చిన్నప్పుడు అడిగితే తండ్రి నవ్వి, "పారేసుకున్నంత మాత్రాన పోయినట్టు గాదు బేటా. ఎవలన్న దేవులాడితేనే పోయినట్టు," అన్నాడు.

దత్తాత్రి వెతకడం లేదు, దేవులాడటం లేదు. దాన్ని నడుముకు కట్టుకుని తిరుగుతున్నాడు. మరి దేవులాడుతున్నది ఎవరు?

గురువారం పొద్దున తాళంచెవి నాలుగోసారి వచ్చింది. దత్తాత్రి అప్పటికే లక్ష్మీరాజం ఇంటికి వెళ్ళాడు, రేపు ఎవరెవరు ఏమనాలో మాట్లాడుకోవడానికి. గల్లీ మలుపులో ఈల వినపడింది. పళ్ళెంలో డబ్బీ పలికింది. స్వరాజ్యం వచ్చి అరుగుకు రెండడుగుల దూరంలో ఆగి చెయ్యి చాపింది.

"ఎవలిది పోయింది చెల్లె?"

"మా అన్నది."

ఫక్రుద్దీన్ పళ్ళెం జరపలేదు. "మీ అన్నది పోలేదట. ఆయిననే మూడుసార్ల నుంచి చెప్తుండు. తాళంచెయ్యి దేనిది?"

"బీరువది."

"బీరువ ఎవలిది?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. బీరువా సంగతి ఇతనికెందుకు? లోపల ఏముందో కూపీ లాగుతున్నాడా? అన్న చెప్పినవన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"నీకెందుకు భాయ్ గదంత?"

"నాకెందుకూ లేదు. పోయినోళ్ళకే ఇయ్యాలె. గది మా నాయిన పద్ధతి. అందుకే అడుగుతున్న."

హుస్నాబీ తలుపు సందులోంచి వింటోంది. స్వరాజ్యం ఆమెను చూసింది, పళ్ళేన్ని చూసింది.

"మా అవ్వ పెట్టింది, లగ్గానికి," అంది చివరికి. "బీరువ నాదే."

"ఐతె పోయింది ఎవలిది?"

స్వరాజ్యం అరుగుకు ఒకడుగు దగ్గరకు వచ్చింది.

"నాదే."

ఫక్రుద్దీన్ పళ్ళెం ముందుకు జరిపాడు.

ఇంటికి వచ్చి ఆమె మొదటిసారి బీరువా ముందు ఒంటరిగా నిలబడింది. తాళంచెవి ఆగకుండా తిరిగింది. ఎనిమిదేళ్ళుగా తెరవని తాళంలా లేదు. ఎవరో నూనె వేస్తూ వచ్చారు. పై అరలో పెళ్ళి చీరలు, మధ్య కలరా ఉండలు. కింది అరలో అట్టల మధ్య కట్టిన ఒక ఫైలు. పైన అన్న గుండ్రటి అక్షరాలు: ధూళిమిట్ట.

అందులో ఇన్లాండు ఉత్తరాలు తారీఖుల వరసన ఉన్నాయి. ఇరవై మూడు. అన్నీ ఆమె పేరు మీద వచ్చినవే. 'కొండవ్వ చెప్పంగ రాసినది' అని ప్రతి దాని మొదట్లో అత్త పేరు ఉంది.

'బిడ్డా స్వరాజ్యం, కొడుకు పోయిండు, నిన్ను గూడ పోగొట్టుకుంటనా. మీ అన్న కోపంల తీస్కపోయిండు. కోపం తగ్గినంక రా.'

'బర్రె ఈనింది. జున్ను చేసి వాడకట్టు అంత పంచిన. నీకు ఇష్టమని యాదికొచ్చింది.'

'ఉప్పలయ్య ఎకరం నీదే. ఎవ్వలకు కౌలుకియ్యలె.'

ఆఖరిది రెండు నెలల కిందటిది. 'కండ్లు ఆనుతలేవు. ఇదే ఆఖరు. ఇంక రాయియ్య.'

ఉత్తరం ఉత్తరానికీ వెనక ఒక కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. కార్బను పెట్టి తీసిన నకలు. 'అత్తకు. అక్కడికి వచ్చుటకు నాకు మనసు ఒప్పుట లేదు. నన్ను మరిచిపోవలెను. ఇట్లు, స్వరాజ్యలక్ష్మి.' సంతకంతో సహా అన్నీ ఆ గుండ్రటి అక్షరాలే.

ఆమె ఫైలు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. చదివినదాన్ని నమ్మడానికి కూడా భయపడింది. ఇవి కూడా ఎవరో కావాలని రాసి పెట్టినవేమో. అన్న పంచన ఉండి తనూ అట్లాగే ఆలోచించడం నేర్చుకుందని అప్పుడు తెలిసింది.

దత్తాత్రి గేటు తీసుకుని వచ్చాడు. తెరిచిన బీరువానూ ఒళ్ళోని ఫైలునూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవలిచ్చిన్రు నీకు తాళంచెయ్యి?"

"పోయినోళ్ళకిస్తరు గద. నాకిచ్చిన్రు."

"చూసినవా, నేను చెప్పలే గా ఫక్రుద్దీన్..."

"ఉత్తరాలు నాయి," అంది స్వరాజ్యం. "జవాబులు నీయి."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "గా ముసల్ది నిన్ను పిలిచింది ప్రేమతోని గాదు. నాట్లకు మనిషి కావాలె, కోతలకు మనిషి కావాలె. నాకు మనుషులెరుక. నిన్ను కాపాడుకున్న."

"నన్ను అడిగితివా?"

"అడిగితె పోతుంటివి." ఫైలు వైపు చెయ్యి చూపించాడు. "ఒక్కటి గూడ చింపలే స్వరాజ్యం. అన్నీ దాచిన. తారీఖు వరుసన పెట్టిన."

"దాచినవు," అంది ఆమె.

రెండు చీరలూ ఆ ఫైలూ సంచిలో పెట్టుకుంది. అన్నం వండి ఉంది, చారు గిన్నెలో ఉంది అని చెప్పింది. డబ్బీతో సహా తాళంచెవిని బీరువా మీద పెట్టింది.

"పో, గాడ ఉంచుకుంటదా చూడు," అన్నాడు దత్తాత్రి. గేటు దాటుతుంటే మళ్ళీ ఏదో అన్నాడు, అది ఆమెకు వినపడలేదు.

శుక్రవారం ఫక్రుద్దీన్ అరుగు దగ్గర నలుగురూ కూడారు గాని దత్తాత్రి రాలేదు. ఆ తాళంచెవి కూడా మళ్ళీ ఆ గడపకు రాలేదు. అడిగేవాడు లేక లక్ష్మీరాజం చాయ్ తాగి లేచాడు. దత్తాత్రి తన మాటను వెనక్కి తీసుకోలేదు, ముందుకూ తేలేదు. డబ్బా దుకాణం ముందు మళ్ళీ జనం చేరడానికి నెల పట్టింది. వాసన చూసుకునే ఆయన ఇప్పటికీ చూసుకుంటూనే ఉన్నాడు.

స్వరాజ్యం ఆ గురువారమే చేర్యాల బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకుని, ఎండ దిగేవేళకు ధూళిమిట్ట చేరింది. కొండవ్వ వాకిట్లో గోనె పరుచుకుని చింతపండు గింజలు తీస్తోంది. మనిషి సగమైంది. నీడ మీద పడితే తలెత్తి, కళ్ళు చిట్లించింది.

"ఎవలు?"

"నేనత్తా. స్వరాజ్యాన్ని."

కొండవ్వ చేతులు ఆగలేదు. "ఏం పని మీదొచ్చినవు?"

"నీ ఉత్తరాలు పొద్దున్నే చూసిన."

"ఇరవై మూడు రాయించిన," అంది కొండవ్వ గింజ ఒకటి పక్కకు విసురుతూ. "ఇరవై మూడింటికీ జవాబొచ్చింది. ఒక్కటి గూడ ఆలస్యం గాలె."

"అవి నేను రాయలె."

"సంతకం నీదేనని బడి సారు చదివిండు."

"నాది గాదత్తా."

"మీ అన్న పంపిండా? ఎకరం కోసమా?"

"ఆయన పంపలె. ఆయనతోని చెప్పి గూడ రాలె సరిగ."

కొండవ్వ మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. లోపలికి పోయి, దూలం సందులో వెతికి, పొగచూరిన జవాబు ఉత్తరం ఒకటి తెచ్చింది. పొయ్యిలోంచి బొగ్గు ముక్క ఒకటి తీసుకొచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"నీ పేరు రాయి. గీ బండ మీద."

స్వరాజ్యం వంగి రాసింది. బొగ్గు జారి అక్షరాలు కొంచెం వంకర పోయాయి. ఆమె రాత ఎప్పుడూ కోలగా, పక్కకు వాలి ఉంటుంది.

కొండవ్వకు చదువు రాదు. బండ ముందు గొంతుక్కూచుని, ఉత్తరాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుని సంతకం ఎక్కడుందో చూసుకుంది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి అది ఎట్లా తిరిగిందో అట్లా తిప్పింది. తర్వాత అదే వేలితో, చెరిగిపోకుండా పైపైన, బండ మీది అక్షరాన్ని తడిమింది. మళ్ళీ ఉత్తరం. మళ్ళీ బండ. ఒక్కో అక్షరానికీ అట్లాగే చేసింది. ఎవరో మనిషి దారిన పోతూ ఆగి చూసి, పోయాడు. కోళ్ళు చింతగింజల్లో తిరుగుతున్నాయి. స్వరాజ్యం నిలబడే ఉంది. సంచి భుజం మీది నుంచి దించలేదు.

చివరి అక్షరం అయ్యాక కొండవ్వ మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి చూసింది. వేలి చివర నల్లబడింది.

"కలుస్తలేవు," అంది.

వేలు కొంగుకు తుడుచుకుంది. గోనె దగ్గరకు వెళ్ళి కూర్చుంది. చింతపండు కుప్పను చేత్తో రెండుగా చీల్చి, ఒక సగం అవతలి వైపుకు నెట్టి, అక్కడ గోనె మీది దుమ్ము దులిపింది.

స్వరాజ్యం సంచి దించి కూర్చుంది.